అమూలకములా? యూదుల వ్యాఖ్యానగాథలను గూర్చి యొక విచారము

ఆదికాండమును మొదటినుండి తుదివఱకుఁ జదివినను, అబ్రాహాము బాల్యమునఁ దన తండ్రి యంగడిలోని విగ్రహములను బగులఁగొట్టెనను కథ యందెచ్చటను గానరాదు. ఐనను యూదుల పాఠశాలలలోఁ జదువుకొన్నవారు పలువు రీ కథ మూలగ్రంథమునందే కలదని తలంచుచుందురు. వారట్లు తలంచుటకుఁ గారణము లేకపోలేదు. బాల్యముననే వారు మూలమును, దానిచుట్టు నల్లుకొన్న వ్యాఖ్యను గలిపి చదువుదురు. ఏది మూలమో యేది వ్యాఖ్యయో పెద్దవారగునప్పటికి మఱచిపోవుదురు. లక్ష్మణుఁడు గీచిన గీఁత వాల్మీకమున లేదనఁగా మనలో నమ్మనివారు లేరా?

ఇట్టి కథలకు హీబ్రూ భాషలో 'అగ్గాదా' యని పేరు. చెప్పుట యను నర్థముగల ధాతువునుండి యీ పదము పుట్టినది. ఈ కథలు గల గ్రంథములలో ముఖ్యములైనవానికి 'మిద్రాషు' లని పేరు. దాని ధాతువునకు వెదకుట, విచారించుట యని యర్థము. కథ చెప్పుట వేఱు, అర్థము వెదకుట వేఱు. ఒకే వాఙ్మయమున కీ రెండు పేరులు నేల కలిగినవో యాలోచింపవలసియున్నది. పాశ్చాత్యులు పెక్కండ్రు వీనిని జానపదుల కట్టుకథలతోఁ జేర్చి యెంచిరి. భక్తులు కొందఱు జరిగిన చరిత్రముగా నమ్మిరి. మా కీ రెండు మార్గములును సరిగాఁ దోఁపవు. వీనిలో మేలైనవి కథారూపమున నున్న వ్యాఖ్యానములు. మూలమునందలి యొక పదము, ఒక లోపము, ఒక పునరుక్తి, ఒక్కొక్కప్పు డొక యక్షరము వీనికి బీజము. ఆ బీజమును జూపక కథను మాత్రము చెప్పినచో, శ్లోకమును దాఁచి టీకను జదివినట్లగును.

మన కోలాచలము మల్లినాథసూరి తన వ్యాఖ్యల మొదట, మూలము లేనిదానిని వ్రాయననియు, నపేక్షింపఁబడనిదానిని జెప్పననియుఁ బ్రతిజ్ఞ చేసెను గదా. ఫ్రాన్సు దేశమున త్రోయె పట్టణమున 1040 నుండి 1105 వఱకు జీవించిన రాషీ యను వ్యాఖ్యాతయు ఆదికాండము మూఁడవ యధ్యాయమున నిట్టి మాటయే పలికెను. గాథలు పెక్కులు కలవనియు, వానిని బెద్దలు వేఱుగాఁ గూర్చియుంచిరనియు, తాను మాత్రము సహజార్థమును, మూలపదములకుఁ బొసఁగు గాథలను మాత్రమే గ్రహింతుననియు దాని తాత్పర్యము. యూదుల బిడ్డలు తరతరములుగాఁ జదువునది యీ రాషీ వ్యాఖ్యయే. ఈ ప్రమాణముతోఁ గొన్ని గాథలను బరీక్షింతము.

విగ్రహభంగకథ 'బెరేషీత్ రబ్బా' యను గ్రంథమున 38వ ప్రకరణమున నున్నది. ఇది యాదికాండమునకు మిద్రాషు. క్రీస్తుశకము 5వ శతాబ్ది ప్రాంతమునఁ బాలస్తీనాలోఁ గూర్పఁబడినది. తెరహు విగ్రహములఁ జేసి యమ్మువాఁడు. ఒకనాఁడు కుమారుని నంగడిలోఁ గూర్చుండఁబెట్టి తా నెచ్చటికో పోయెను. కొనవచ్చినవానిని అబ్రాహాము వయసెంతయని యడిగెను. అఱువదియేండ్లవాఁడు ఒక్కనాఁటి బొమ్మకు మ్రొక్కుటయా యనఁగా వాఁడు సిగ్గుపడి పోయెను. పిదప నొక స్త్రీ పళ్లెముతోఁ బిండి తెచ్చి విగ్రహములకు నివేదింపుమనెను. అబ్రాహాము దుడ్డుకఱ్ఱతో వాని నన్నింటిని బగులఁగొట్టి, కఱ్ఱను బెద్దవిగ్రహము చేతఁ బెట్టెను. తండ్రి వచ్చి యడుగఁగా, నేను ముందు తిందునన్న నేను ముందు తిందునని యవి కలహించుకొన్నవనియు, పెద్దది లేచి తక్కినవానిని గొట్టినదనియుఁ జెప్పెను. వీని కంత తెలివి యెక్కడిదని తండ్రి కసరెను. నీ నోరు పలికినదానిని నీ చెవులు వినరాదా యని కుమారుని ప్రత్యుత్తరము.

తండ్రి యతనిని నిమ్రోదు రాజునకుఁ బట్టియిచ్చెను. నిప్పునకు మ్రొక్కుమని రాజు. నిప్పు నార్పు నీటికి మ్రొక్కరాదా యని యితఁడు. నీటికే మ్రొక్కుమనఁగా నీటిని మోయు మేఘము, మేఘమును జెదరఁగొట్టు గాలి, గాలికిఁ దాళుకొను మనుష్యుఁడు, ఇట్లు సంవాదము మెట్లెక్కుచుఁ బోవును. పంచతంత్రమున మూషికకన్యకు వరుని వెదకిన ముని కథ నెఱిఁగినవారి కిచ్చటఁ బాతచుట్టము గనఁబడును. ఆ సంబంధవిచార మిచ్చట నప్రస్తుతము. రాజు విసిగి యతని నగ్నిలోఁ ద్రోయించెను. అబ్రాహాము సోదరుఁడు హారాను రెండు మనసులతో నుండెను. సోదరుఁడు గెలిచిన సోదరునిపక్షము, రాజు గెలిచిన రాజుపక్షము. అబ్రాహాము క్షేమముగా వెలువడఁగాఁ దా నతనిపక్ష మనెను. వెంటనే యతనిని గూడ నగ్నిలోఁ ద్రోచిరి. ప్రేవులు కాలి, వెలువడి వచ్చి, తండ్రి యెదుటఁ బ్రాణము విడిచెను.

ఇందలి నవ్వును జూచి, యిది యెవఁడో హాస్యప్రియుఁ డూరక యల్లిన కథ యనిపించును. కాని కథకుఁ దుదియైన హారాను మరణమే కథకు మొదలు. ఆదికాండము 11వ యధ్యాయమున హారాను కల్దీయుల ఊరులోఁ దన తండ్రి 'ముఖముమీఁద' మృతినొందినట్లు ఒక్క వాక్యము కలదు. ఏల మరణించెనో చెప్పఁబడలేదు. తండ్రి ముఖముయొక్క ప్రసక్తి యేలనో తెలియదు. ఈ 'ఊరు' మన ఊరు గాదు. పట్టణమున కది పేరు. కాని హీబ్రూలో నా పదమునకు అగ్నిజ్వాల యనియు నర్థము కలదు. ఇంకొక చిక్కు: 15వ యధ్యాయమున దేవుఁడు అబ్రాహామును ఊరునుండి వెలికిఁ దెచ్చినవాఁడు తానేయని చెప్పుకొనును. 11వ యధ్యాయమున నైతే కుటుంబమును వెంటఁబెట్టుకొని బయలుదేఱినవాఁడు తెరహు. మఱి దేవుఁడు వెలికిఁ దెచ్చుట యెట్టిది? ఊరును అగ్నిగాఁ జదివినచో నీ మూఁడు చిక్కులు నొక్కమాఱుగా విడిపోవును. దేవుఁ డతని నగ్నినుండి తెచ్చెను. హారా నా యగ్నిచేతనే చచ్చెను. తండ్రి పట్టియిచ్చుటచే వచ్చిన యుపద్రవము గనుక తండ్రి కన్నులయెదుటనే చచ్చెను. మన తెనుఁగు బైబిలున నిచ్చటఁ దండ్రికంటె ముందుగా మృతినొందె నను నర్థము కలుగునట్లు వ్రాసిరి. అర్థము తప్పు గాదు. బీజము మాత్రము పోయినది. 'తండ్రి ముందు' అని విడిచినచోఁ గాలమును స్థలమును రెండును దోఁచి మన భాషలోనే యీ శ్లేష నిలిచియుండును.

ఈ బీజము కల్పితము గాదనుటకు మఱియొక సాక్ష్యము కలదు. క్రీస్తుపూర్వము 2వ శతాబ్దిలో హీబ్రూలో రచింపఁబడి, నేఁడు సంపూర్ణముగా నితియోపియా దేశపు గీజు భాషలో మాత్రమే నిలిచిన 'జూబిలీల గ్రంథ' మొకటి యున్నది. దాని హీబ్రూతునుకలు 1947 మొదలుకొని కుమ్రాను గుహలలో దొరకిన చుట్టలలోఁ గానవచ్చినవి. ఆ గ్రంథమున నంగడి లేదు, నిమ్రోదు లేఁడు, సంవాదము లేదు. అబ్రాహాము రాత్రి లేచి విగ్రహాలయమునకుఁ దానే నిప్పు పెట్టును. హారాను విగ్రహములను గాపాడఁబోయి కాలి, తండ్రి యెదుటఁ జచ్చును. కథ వేఱు, కర్త వేఱు, కాలము వేఱు. అగ్నియు, హారానును, తండ్రి ముఖమును మాత్ర మవియే. ఒకే బీజమునుండి రెండు చెట్లు మొలచినవి. పామరుల నోట నాడు కథయే మూలమైనచో, కథ యంతయు మాఱి యీ మూఁడంశములు మాత్రమే యేల స్థిరముగా నిలువవలెను?

ఐతే యీ రెండు గ్రంథముల పద్ధతిలో భేద మొకటి యున్నది. మా విచారమున కదియే ముఖ్యము. జూబిలీల గ్రంథకర్త మూలకథను దిరిగి చెప్పును. తన కల్పనను మూలములోఁ గలిపివేయును. ఏది పాతదో యేది క్రొత్తదో చదువరికిఁ దెలియనీయఁడు. 93వ సంవత్సర ప్రాంతమున గ్రీకుభాషలో యూదుల పురాతనచరిత్రమును వ్రాసిన జోసీఫసు మార్గము నిదియే. మన రంగనాథరామాయణమున నుడుత కథ చేరినదియు నిట్లే. మిద్రాషుకారు లట్లు చేయలేదు. వారి కాలమునకు మూలగ్రంథ మక్షరాక్షరము ఘనీభవించినది. ఒక చుక్కనైన మార్చుటకు వీలులేదు. కాఁబట్టి వారు మూలవాక్యమును ముందుంచి, పేరుపెట్టి, దానిక్రింద నర్థమును జెప్పిరి. ఒకరి మాట చెప్పి, 'మఱియొక విషయము' అను రెండు మాటలు వ్రాసి, దానికి విరుద్ధమైన యింకొకరి మాటను బ్రక్కనే నిలిపిరి. తీర్పు చెప్పరు.

ఈ పద్ధతి చేతఁ గలిగిన లాభమును గయీను కథలోఁ జూడవచ్చును. ఆదికాండము 4వ యధ్యాయమునఁ గయీను తన తమ్ముఁడు హేబెలుతో 'అనెను' అని యుండును, ఏమనెనో లేదు. వాక్య మచ్చటనే విఱిగి, వారు పొలములో నున్నప్పుడు హత్య జరిగినదని సాగును. గ్రీకు భాషాంతరమునందును, సమరయుల ప్రతియందును పొలమునకుఁ బోదమను మాట కలదు. హీబ్రూ ప్రతిలో లేదు. తెనుఁగున మాటలాడెనని వ్రాసి యా గుంటను బూడ్చిరి. మిద్రాషుకారు లా గుంటయంచున నిలిచి లోనికిఁ దొంగిచూచిరి. అన్నదమ్ములు లోకమును బంచుకొనిరని యొకరు: ఒకఁడు భూమిని, ఒకఁడు జంగమవస్తువులను గైకొనెను. నీవు నిలిచిన నేల నాది, గాలిలో నెగురుమని యొకఁడు. నీవు కట్టిన బట్ట నాది, విప్పుమని యింకొకఁడు. కాదు, దేవాలయ మెవని భాగములోఁ గట్టవలెనన్న దానికై పోరాడిరని మఱియొకరు. కాదు, స్త్రీ కొఱకని వేఱొకరు. పాలస్తీనాలో నరమాయిక భాషలోనికిఁ జేసిన భాషాంతరములలో నింకొక కారణము కలదు: లోకమునకు న్యాయము లేదు, న్యాయాధిపతి లేఁడని కయీను వాదించెననియు, ఉన్నాఁడని హేబెలు వాదించెననియు. ధనము, మతము, స్త్రీ, నాస్తికత. మనుష్యుఁడు మనుష్యునిఁ జంపుటకుఁ గల హేతువులలోఁ బెక్కు లా విఱిగిన వాక్యములో నిమిడినవి. ఒకటి నిజమై తక్కినవి యబద్ధము లని చెప్పినవాఁడు లేఁడు.

అదే యధ్యాయమున హేబెలు రక్తము మొఱపెట్టినదను చోట హీబ్రూలో 'రక్తములు' అని బహువచనము. చచ్చినవాని రక్తమేకాక, వానికిఁ బుట్టవలసిన సంతతి రక్తమును గూడ మొఱపెట్టినదని పెద్ద లర్థము చెప్పిరి. ఈ మాట పండితగోష్ఠితోఁ బోలేదు. క్రీస్తుశకము 200 ప్రాంతమునఁ గూర్పఁబడిన మిష్నా యను ధర్మశాస్త్రమున, మరణశిక్ష విధింపఁదగిన వ్యవహారములలో సాక్షులను హెచ్చరించుటకు దీనిని జెప్పవలెనని విధించిరి. అబద్ధసాక్ష్యము చెప్పి యొకనిని జంపించినవాఁడు లోకమును జంపించినవాఁడని దాని సారము. ఒక బహువచనప్రత్యయముమీఁద నింత బరువు నిలిచినది.

ఇఁక నీ వాఙ్మయమును లోకమునకుఁ దెలియఁజేసిన లూయీ గిన్జ్‌బెర్గు మహాశయుని కృషిని గూర్చి చెప్పవలసియున్నది. న్యూయార్కు నగరమున యూదుల వేదాంతపాఠశాలలో నాచార్యుఁడైన యాతఁడు 'యూదుల గాథలు' అను నేడు సంపుటములను 1909 నుండి 1938 వఱకుఁ బ్రకటించెను. సృష్టి మొదలు ఎస్తేరు వఱకుఁ గథ నాలుగు సంపుటములు, పీఠికాప్రాయమైన టిప్పణులు రెండు సంపుటములు, ఒకటి యనుక్రమణిక. వందలకొలఁది గ్రంథములనుండి యీతఁడు కూడఁబెట్టిన సామగ్రికి మ్రొక్కనివాఁడు పండితుఁడు గాఁడు. కాని మొదటి నాలుగు సంపుటములలో నాతఁ డవలంబించిన మార్గము జూబిలీల గ్రంథకర్త మార్గమే. వాక్యములు పోయినవి, మఱియొక విషయ మను మాటలు పోయినవి, పరస్పరవిరుద్ధములైన యభిప్రాయము లన్నియు నొకదానివెంట నొకటి జరిగిన సంఘటనలైనవి. కయీనునకు నాలుగు హేతువులలో నేది యను ప్రశ్న పోయి, నాలుగును గలిసి యొక మనుష్యుని చరిత్రమైనది. చదువుటకు హాయిగా నున్నది. చదివిన పిమ్మట నీ జాతికిఁ గల్పనాశక్తి మెండని తోఁచును గాని, వీరి చదువరితన మెంత తీక్ష్ణమో తోఁపదు. ఆ తీక్ష్ణత టిప్పణులలో నున్నది; టిప్పణుల నెందఱు చదువుదురు? దీనికి ముందే, 1908 నుండి 1911 వఱకు ఒడెస్సాలో బియాలిక్కు, రావ్నిట్స్కీ యను నిరువురు హీబ్రూలోఁ గూర్చిన గాథాసంపుటమున విషయవిభాగము వారి సొంతమైనను, ప్రాచీనుల పలుకులు విడివిడిగాఁ బలుకులుగానే నిలిచియున్నవి. ఈ విషయమున మా పక్షపాతము వారియందు.

కథలన్నియు నొక్క తీరున మూలమునకుఁ గట్టువడి యుండునని మే మనము. పోతీఫరు భార్య తన చెలులకుఁ బండ్లును గత్తులును ఇచ్చి యోసేపును బిలువఁగా, వా రతని సౌందర్యమునకు భ్రమసి చేతులు కోసికొన్న కథ 'తన్హుమా' మిద్రాషునఁ గలదు. ఖురానునందు 12వ సూరాలోను గలదు. ఏది ముందన్న వివాదము పండితులలోఁ దీఱలేదు. పారసీకమున జామీ చేతఁ గావ్యమై, గోలకొండలో దక్కనీ భాషకును బ్రాఁకిన యూసుఫ్ జులేఖా కథలో నిది ప్రసిద్ధము. ఇట్టివి తమ యందముచేతనే దేశములు తిరుగును. దానిప్రక్కనే తల్మూదులోని సోటా యను భాగమున నున్న గాథను జూడుఁడు. యోసేపు తన 'పని' చేయుటకై యింటిలోనికి వచ్చెననియు, నింటివారిలో నొక 'పురుషుఁడు'ను అచ్చట లేఁడనియు మూలము. ఏ పని? లెక్కల పనియే యని యొక యాచార్యుఁడు. కాదు, ఆ స్త్రీ కోరిన పనికే వచ్చెనని మఱియొకఁడు. సరిగా నా క్షణమునఁ దండ్రి యాకోబు రూపము కిటికీలోఁ గనఁబడెను, అతఁడు వెనుదీసెను. కులపురుషుని శీలము నిట్లు సందేహించి, యా సందేహమును దమ ధర్మగ్రంథముననే వ్రాసియుంచికొన్నవారిని మెచ్చుకొనవలెను.

వీని నన్నింటిని మించినది యిస్సాకు బలికథ. మూలమునఁ బందొమ్మిది వాక్యములు. మాటలు మిక్కిలి తక్కువ. కథ మొదట 'ఆ సంగతుల తరువాత' అని యుండును. సంగతి యను నర్థమున నున్న హీబ్రూపదమునకు మాట యనియు నర్థము. 'ఆ మాటల తరువాత' అని చదివినంతనే, ఎవరి మాటలు? అను ప్రశ్న పుట్టును. సాతాను మాటలని యొకరు. నేను గొప్పయన్న నేను గొప్పయని యిష్మాయేలును ఇస్సాకును పోటీపడి పలికిన మాటలని యొకరు. తరువాత దేవుఁడు కుమారునిఁ దెమ్మనుచు, నీ కుమారుని, ఏకైకుని, ప్రియుని, ఇస్సాకును అని నాలుగు మాఱులు పేర్కొనును. ఈ పునరుక్తి యేల? నడుమ నడుమ అబ్రాహాము పలికిన మాటలు మూలమున వినఁబడకున్నవని మిద్రాషు. నాకిద్దఱు కుమారులు. వాఁడును దన తల్లి కేకైకుఁడే, వీఁడును దన తల్లి కేకైకుఁడే. ఇద్దఱును నాకుఁ బ్రియులే. అప్పుడు గాని పేరు చెప్పఁబడదు. విధేయుఁడని ప్రసిద్ధిగన్న తండ్రి, తెలిసియుఁ దెలియనట్లు కాలము గడుపుట యిందున్నది. మూలమును దిద్దక, దానిలోని మౌనమును మాత్రము వినిపించుట యన నిది.

బలికథ వెంటనే శారా మరణము చెప్పఁబడినది. ఈ రెండింటికిని సంబంధమున్నదా? కుమారుని సంగతి విని యామె ప్రాణము పోయినదని గాథ. తొంబదవ యేఁట ఇస్సాకును గని 127వ యేఁట నామె మరణించెనని మూలము చెప్పుచున్నది గనుక, బలినాఁటికి ఇస్సాకునకు 37 సంవత్సరములు. లెక్క యొకటి వేయఁగానే, కట్టెలు మోసిన పసివాఁడు పోయి, తెలిసి మెడ చాఁచిన పురుషుఁడు నిలిచెను. కథార్థ మంతయుఁ దలక్రిందులైనది. ఇంకను బలికథ చివర అబ్రాహాము పనివారియొద్దకుఁ దిరిగివచ్చెనని యేకవచనమున నుండును. ఇస్సా కేఁడి? షేము నొద్దకుఁ జదువుటకుఁ బోయెనని కొందఱి సమాధానము. ఇది గుంట పూడ్చుటయే, మాకు రుచింపదు.

రుచింపని యీ సమాధానము వేఱొకకాలమున నిలువలేదు. 1096లో మొదటి క్రూసేడు సేనలు రైను నదీతీరమున వోర్మ్సు, మైంజు పట్టణములఁ బడినప్పుడు, బలవంతపు మతాంతరమునకు లోఁబడనొల్లక యూదులు తమ బిడ్డలను దామే కోసి, తామును జచ్చిరి. వారి హీబ్రూ చరిత్రలేఖకులు దానిని ఇస్సాకు బలితోఁ బోల్చిరి. పోల్చినంతనే చిక్కు వచ్చినది: అబ్రాహాము కత్తి యాఁగినది, వీరి కత్తు లాఁగలేదు. తరువాతి శతాబ్దిలో బాన్ పట్టణపు ఎఫ్రాయీము తన ప్రార్థనాగీతమున ఇస్సాకు నిజముగా వధింపఁబడెననియు, పైనుండి మంచు గురిసి యతఁడు బ్రతికెననియు, తండ్రి మరల కత్తి యెత్తెననియుఁ జెప్పెను. ఇంత సాహసము చేసియు నతఁడు మూలమును విడువలేదు. దేవదూత ఆకాశమునుండి 'రెండవమాఱు' పిలిచెనని మూలమున నున్నది గదా, అదియే తనకు సాక్ష్యమనెను. షాలోమ్ స్పీగెలు 1950లో హీబ్రూలో వ్రాసి, 1967లో నింగ్లీషున వెలువడిన ప్రబంధ మీ గీతమును గూర్చినది; మా కీ విషయము తెలిసినది దానివలననే. మా సిద్ధాంతమున కిచ్చట సవరణ కావలెను. ఎఫ్రాయీము చేత నా గీతమును వ్రాయించినది 'రెండవమాఱు' అను మాట గాదు; తన జాతివారి నెత్తురు. కాని యా దుఃఖమును బలుకుటకుఁ జోటు మూలములోని యొక మాటలోనే యతనికి దొరకినది. ఇట్టిచోట బీజమే సర్వమనినచో వ్యాఖ్యాతను గుమాస్తాగాఁ జేసినట్లగును.

ఇట్టి గాథలను నమ్మవలెనా యన్న ప్రశ్న క్రొత్తది గాదు. మైమోనిడీసు (1138–1204) మిష్నా వ్యాఖ్యలో దీనిని జర్చించి, జనులను మూఁడు తెగలుగా విభజించెను: ఉన్నదున్నట్లు నమ్మువారు, ఉన్నదున్నట్లు గ్రహించి పరిహసించువారు, గూఢార్థ మున్నదని యెఱిఁగినవారు. మొదటి రెండు తెగలవారిని నాతఁడు తప్పుపట్టెను. 1263లో బార్సెలోనాలో ఆరగాను రాజుసమక్షమున జరిగిన మతవాదమునం దీ ప్రశ్న ప్రాణసంకటమే యైనది. దేవాలయము ధ్వంసమైననాఁడే మెస్సీయా పుట్టెనన్న గాథ నొకదానిని బ్రతివాది యెత్తి, మీ గ్రంథమే మా మతమును సమర్థించుచున్నదనెను. నహ్మనిడీసు దానికి, గాథలు ధర్మోపదేశములవంటివనియు, నమ్మవలెనని తమకు నిర్బంధము లేదనియు బదులు చెప్పెను. భయముచేత నట్లు చెప్పెనని కొంద రందురు. మాకట్లు తోఁపదు. మఱియొక విషయ మని నాలుగర్థములను బ్రక్కప్రక్కన నిలుపఁగల్గిన వాఙ్మయమును జరిత్రసాక్ష్యముగా నిలువఁబెట్టుట ప్రతివాది చేసిన తప్పు.

తెనుఁగున వీనిని దేఁదలఁచువారు గిన్జ్‌బెర్గు కథాసంపుటములను మాత్రము ముందుంచుకొన్నచో మనకు మఱి కొన్ని వింతకథలు చేరును, అంతే. ప్రతికథకును దలమీఁద మూలవాక్యమును, దానిలోని చిక్కును, అభిప్రాయభేదములను నుంచవలెను. దానికి మన బైబిలు భాషాంతరము పలుచోట్లఁ జాలదు. ఆ భాషాంతరకర్తలు సామాన్యజనుల యుపయోగమునకై చిక్కుల విడఁదీసి వ్రాసిరి. వారిది తప్పు గాదు. మన పనికి మాత్ర మా చోట్ల హీబ్రూను మాటకు మాటగా మరల దెనిఁగింపవలెను. రక్తములు రక్తములుగానే యుండవలెను. కయీను తన తమ్మునితో ననెను అని వ్రాసి, యేమనెనో వ్రాయక, వాక్యమును విఱిగినది విఱిగినట్లే విడువవలెను.